నర్సమ్మకు వైద్యం ఎవరు చేస్తారు?

ఆఫ్రికా దక్షిణాన స్వాజీలాండ్ అనే చిన్న దేశం ఉంది. 2018 నుంచి దాని పేరు ఎస్వాతిని. 2006 ప్రాంతంలో అక్కడ పెద్దవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి హెచ్.ఐ.వి. ఉండేది. నర్సులకూ ఆ బెడద తప్పలేదు. కానీ తాము మందులిచ్చే రోగుల వరుసలోనే నిలబడి పరీక్ష చేయించుకోవాలంటే ఎవరికి మనసొప్పుతుంది?

2006లోనే అక్కడి నర్సుల సంఘం, అంతర్జాతీయ నర్సుల మండలి తోడ్పాటుతో, మంజినీ నగరంలో ఆరోగ్య సిబ్బంది కోసమే ఒక కేంద్రం తెరిచింది. హెచ్.ఐ.వి., క్షయ పరీక్షలు, గర్భిణులకు వైద్యం, మనసు బరువు చెప్పుకోవడానికి ఒక మనిషి. అన్నీ గుట్టుగానే. వాళ్ల కుటుంబాలకు కూడా ఈ సేవలు అందేవి. సంఘమంటే జీతాల కోసం జెండా పట్టడమే అనుకుంటాం మనం! తర్వాత లెసోతో, జాంబియా, మలావీ, ఉగాండాల్లోనూ ఇలాంటి కేంద్రాలు వెలిశాయి.