చేలో దొరికిన బలం, కొట్లో కొనే బలం

(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం సందర్భంగా తుళ్లూరులో మన సంఘం మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికల మీద మన పాట గురించి, భాష గురించి, బుట్టల అల్లిక గురించి చాలామంది చాలా బాగా మాట్లాడారు. మాకు అప్పజెప్పిన విషయం వంట. తక్కువ డబ్బులో బలమైన తిండి ఎలా వండుకోవాలో చెప్పమన్నారు. వంట చెప్పే ముందు ఒక మాట అడగాలి. మన తాతలకు ఈ ప్రశ్న ఎందుకు రాలేదు?

వాళ్లకు డబ్బు లేదు. తిండి కొనేది కూడా తక్కువే. యానాది తాత ఎలుక కన్నం తవ్వితే మాంసమూ దొరికేది, ఎలుక దాచుకున్న గింజలూ దొరికేవి. వాగులో పరిగెలు, గురకలు, జెల్లలు. బోదెల్లో నత్తలు, గట్ల మీద ఎండ్రకాయలు. తొలకరి పడిన రాత్రి దీపం దగ్గర పళ్లెంలో నీళ్లు పెడితే ఉసిళ్లు. వాటిని వేయించి ఉప్పేసుకుని బొరుగుల్లో కలుపుకుంటే పిల్లలు పోటీ పడేవాళ్లు. ఎరుకల ఇళ్లలో పంది ఉండేది. సుగాలి తండాలో మేక కోస్తే నెత్తురు పారబోయకుండా సళోయి వండేవారు. ఇవన్నీ మాంసకృత్తులే. డాక్టర్లు ప్రోటీన్ అనేది వీటినే. ఆ మాట తెలియకుండానే మనవాళ్లు తిన్నారు. ఆ తిండిని చూసి ఊళ్లోవాళ్లు ముక్కు మూసుకుంటే సిగ్గుపడ్డాం. హాస్టల్‌కు వెళ్లిన పిల్లలు ఇంట్లో ఏం తిన్నారో చెప్పడం మానేశారు. సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదని ఈ రోజు పిల్లల ముందు గట్టిగా చెబుతున్నాం.

అలాగని మళ్లీ వెనక్కి పోదాం అనడం లేదు. పోలేం కూడా. ఈ నల్లరేగడిలోకి పత్తి, మిరప వచ్చాక మందు కొట్టడం మొదలైంది. 1987లో పత్తికి తెల్లదోమ పట్టి గుంటూరు, ప్రకాశం రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మందు మీద మందు పోసినా ఆ దోమ చావలేదు. ఆ మందంతా నీళ్లతోపాటు బోదెల్లోకి, వాగుల్లోకి దిగింది. అందుకే మందు కొట్టిన మిరపచేను గట్టు మీద గంగవాయిలి ఎంత లేతగా కనిపించినా కోయకండి. మందునీళ్లు పారే కాలువలో నత్తల జోలికి పోకండి. మత్తుగా నడిచే ఎలుక, చచ్చి పడి ఉన్న ఎలుక విషం తిన్నదే అయి ఉండొచ్చు, ముట్టుకోకండి. చెరువు గట్టున, ఇంటి దొడ్లో మొలిచిన ఆకు అయితే హాయిగా తినండి.

ఆ తర్వాత 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగింది. 29 గ్రామాల్లో పొలాలు ఆగిపోయాయి. భూమి ఉన్నవాళ్లకు ఏటా కౌలు, భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. కూలి పని మాత్రం దూరమైంది, దాంతోపాటే చేలో ఊరికే దొరికేదీ పోయింది. పొలానికి పోతే ఒళ్లో రెండు గుప్పెళ్ల కందికాయలు, పెసరకాయలు పడేవి కదా, వాటిని ఏ లెక్కలోనూ ఎవరూ రాయలేదు. ఇప్పుడు అదంతా కొట్లో కొనాలి. మన కష్టం అక్కడుంది.

సరే, ఎంత కొనాలి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 50 కిలోల ఆడమనిషికి 41, 42 గ్రాములు. చివరి మూడు నెలల గర్భిణికి దాని మీద మరో 22. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకుని తింటే అందులోనే 30 గ్రాముల దాకా వస్తుంది. ఇంకెంత, పదేగా అనిపిస్తుంది. తిరకాసు అక్కడే ఉంది. బియ్యపు ప్రోటీన్‌లో లైసిన్ అనే భాగం తక్కువ. అది పప్పుల్లో బాగా ఉంటుంది. పప్పుల్లో తక్కువగా ఉండే మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ కలిసి తింటే ఒకదాని వెలితి ఇంకొకటి పూడుస్తుంది. నాలుగు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పప్పు లెక్క పెట్టుకోండి. మన ఇళ్లలో జరిగేది ఏమిటి? ఆరుగురికి గుప్పెడు కందిపప్పు వేసి, బిందెడు నీళ్లు పోసి, అది పప్పుచారు అంటాం!

మేము నలుగురైదుగురం కొట్టుకు వెళ్లి పది రూపాయలకు ఏది ఎంత వస్తుందో లెక్కేశాం. ఉలవలు 27 గ్రాముల ప్రోటీన్ ఇస్తాయి. మీల్ మేకర్ 30 దాటుతుంది. కందిపప్పు, వేరుశనగ గుళ్లు చెరో 16, 17. కోడిగుడ్డయితే ఒకటిన్నర, అంటే 9 గ్రాములు. పాలు 5. పిల్లలు ఏడిస్తే కొనిచ్చే పది రూపాయల చిప్స్ పొట్లంలో రెండు గ్రాములు ఉంటే గొప్ప. ధరలు మారితే అంకెలు మారతాయి, వరస పెద్దగా మారదు. టీవీలో చూపించే బలం పొడి డబ్బాల సంగతి మేము చెప్పం, డబ్బా వెనక అంకె చదివి, శనగలతో పోల్చుకుని మీరే తేల్చుకోండి.

ఉలవల దగ్గర కాసేపు ఆగాలి. మన జిల్లాలో ఉలవచారు అంటే పెళ్లి భోజనం, హోటల్ భోజనం. అసలు పద్ధతి ఏమిటంటే, ఉలవలు ఉడికించి ఆ నీళ్లు చారుకు తీసుకుని, గింజలు ఎద్దులకు పెట్టేవారు. ప్రోటీన్ ఎక్కువ భాగం గింజలోనే ఉంటుంది. ఇన్నాళ్లూ చారు మనిషికి, బలం ఎద్దుకు! ఇప్పుడు ఎద్దులూ లేవు. రాత్రి నానబెట్టి, పొద్దున మెత్తగా ఉడికించండి. నీళ్లు చింతపండు పులుసుతో చారు పెట్టండి. గింజలకు ఉల్లిపాయ, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేస్తే గుగ్గిళ్లు. ఒక కుంపటి మీద రెండు వంటలు. గుడ్డలో మూటకట్టి మొలకలు రానిస్తే ఇంకా తేలిగ్గా అరుగుతాయి, చంటిపిల్లలున్న ఇంట్లో అదే మేలు.

మిరపకోతలకు పోయేవాళ్లకు గుగ్గిళ్లు మధ్యాహ్నానికి పులిసిపోతాయన్న భయం ఉంది, నిజమే. వాళ్లకు పొడి మంచిది. కందిపప్పు గ్లాసు, పుట్నాలు గ్లాసు, వేరుశనగ గుళ్లు గ్లాసు విడివిడిగా దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి కొట్టుకోవాలి. తడి తగలకపోతే రెండు వారాలు ఢోకా లేదు. క్యారియర్‌లో అన్నం, పచ్చడి మాత్రమే పట్టుకెళ్లే చోట రెండు పెద్ద చెంచాల పొడి కలుపుకుంటే నాలుగైదు గ్రాములు లోపలికి పోతాయి. నిమ్మకాయ బద్ద పిండుకుంటే పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము పట్టదు, గంట ఆగండి. రక్తం తక్కువని ఆస్పత్రిలో చెప్పించుకున్న అక్కలు ఈ ఒక్కటైనా పాటించాలి.

ఇక నీచు. బాపట్ల తీరం నుంచి వచ్చే ఎండు నెత్తళ్లు సంతలో కొంటే, 50 గ్రాముల్లో పాతిక గ్రాముల పైనే ప్రోటీన్. తలలు గిల్లి, వేడినీళ్లలో రెండుసార్లు కడిగి ఉప్పు పోగొట్టి, వంకాయతోనో గోంగూరతోనో వండితే ఇంటిల్లిపాదికీ ఒక పూట గడుస్తుంది. ముళ్లతో సహా తింటాం కాబట్టి సున్నం కూడా దొరుకుతుంది. బీపీ ఉన్న పెద్దవాళ్లకు మాత్రం కొంచెం తగ్గించండి.

కొనక్కర్లేని తిండి కూడా ఒకటి మిగిలి ఉంది, అది బడిలో ఉంది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ ఇస్తున్నారు. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు, చిన్నపిల్లలకు గుడ్డు, పాలు ఉన్నాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకోతలకు పిల్లలను వెంట తీసుకుపోతే చదువుతోపాటు ఆ గుడ్డు కూడా పోతుంది. నెలకు ఇరవై గుడ్లు, మూడు నెలలకు అరవై. పిల్లవాడు కోసి తెచ్చే కూలిలో నుంచి అరవై గుడ్ల ఖరీదు తీసేసి చూడండి. అవ్వ దగ్గరో, పిన్ని దగ్గరో వదిలి వెళ్లండి. ఎవరూ లేకపోతే మన సంఘంలో అక్కలు చూసుకుంటారు, ముందుగా చెప్పాలి అంతే.

మగవాళ్లు కూడా వినాలి ఈ మాట. మన ఇళ్లలో ఆడది ఆఖరున తింటుంది. అప్పటికి గిన్నెలో పప్పు ఉండదు, పులుసు ఉంటుంది. ముక్క ఉండదు, ముల్లు ఉంటుంది. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లికి అలా మిగలడం మాకు ఒప్పు కాదు. వండగానే ఆమె వాటా గిన్నెలో తీసి మూత పెట్టండి. ఇది ఏ పథకం చేసే పని కాదు, ఇంట్లో భర్తో అత్తో చేయాల్సింది.

పది ఇళ్లు కలిసి గుంటూరు నుంచి ఉలవలు, గుళ్లు, పుట్నాలు బస్తాల లెక్కన తెప్పిస్తే కిలోకు కొంతైనా తగ్గుతుంది. పేర్లు ఈ రోజే రాసుకుంటున్నాం. వచ్చే ఆదివారం పొద్దున్నే కాలనీ వేపచెట్టు కింద పొడి కొడతాం. రోలు, రోకలి ఉన్నవాళ్లు చేతులెత్తండి. మూకుడు మేము తెస్తాం, ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకోవాలి, తడి లేకుండా తుడిచి.