సంచి మీద ఊరి పేరు



చాయ్ తాగే ఊళ్లో నిలబడి, పట్టా పుచ్చుకోబోతున్న మీతో కాఫీ గురించి మాట్లాడతానంటే మీ ఆచార్యులొకరు నవ్వారు. నిజమే, వరంగల్ చుట్టుపక్కల కాఫీ మొక్క బతకదు. అరబికా రకానికి సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తు, చల్లదనం, చెట్ల నీడ కావాలి. మనం మూడు వందల మీటర్ల దరిదాపుల్లోనే ఉన్నాం. ఎండల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా కాఫీనే ఎంచుకున్నాను. రెండెకరాల రైతు పంట తన కొండ పేరుతో పరాయి దేశపు దుకాణంలోకి ఎక్కడం మనవాళ్ల కళ్ల ముందే జరిగింది. అది అరకు కాఫీ. ఆ పేరు వల్ల రైతుకు ఏం దక్కింది, ఏం దక్కలేదు అన్న లెక్క రేపు మన మిర్చికి పనికొస్తుంది.

కాఫీ వ్యాపారం చాలాకాలం నడిచింది కలపడం మీదే. కొండకో రుచి ఉన్న గింజల్ని గోదాములో ఒక్క కుప్పగా పోస్తే ఏడాది పొడుగునా ఒకే రుచి వస్తుంది, ఒక తోట దెబ్బతిన్నా సరుకు ఆగదు. ఇందులో మోసమేమీ లేదు. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో 1990ల్లో మొదలైన సీసీఎల్ కర్మాగారం ఇన్‌స్టంట్ కాఫీ తయారుచేసి ఎన్నో దేశాలకు పంపుతోంది. తెలుగువాళ్లు గర్వపడాల్సిన పరిశ్రమే అది. మా ఇంట్లో పొద్దున్నే దిగేది కూడా చికోరీ కలిపిన డికాక్షనే, మానే ఉద్దేశమూ లేదు. కాకపోతే కుప్పలో పడ్డ గింజకు ఊరుండదు. ఊరు లేని సరుకు ధర న్యూయార్క్‌లో తేలుతుంది. 2001 చివర్లో అక్కడ పౌను అరబికా అర డాలరు కూడా పలకలేదు. 2025 ఫిబ్రవరిలో నాలుగు డాలర్లు దాటింది. బ్రెజిల్‌లో వాన పడిందా, మంచు పట్టిందా అన్నదాన్ని బట్టి అరకు ప్రాంతంలోని పాడేరు సంతలో ధర కదులుతుంది. రైతు కష్టం పెరగలేదు, తరగలేదు.

ఈ కుప్పలోంచి బయటపడే దారి కోసం పుట్టిందే స్పెషాల్టీ కాఫీ. నార్వేలో పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో కాఫీ అమ్మిన ఎర్నా నట్సెన్ అనే ఆవిడ 1974లో ఒక వ్యాపార పత్రికలో ఆ మాట వాడారు. ఏ కొండ గింజను ఆ కొండ పేరుతోనే, వేరేవి కలపకుండా అమ్మాలన్నది దాని వెనకున్న ఆలోచన. ఇప్పుడు దానికి మార్కులు కూడా ఉన్నాయి. కొలిచిన పొడి మీద వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాలాగి, పైన తేలిన తెట్టును చెంచాతో విడగొడుతూ వాసన చూసి, తర్వాత దాన్ని తొలగించి, చప్పుడయ్యేలా జుర్రి నూటికి మార్కులు వేస్తారు. 80 వస్తేనే స్పెషాల్టీ. మీకు 75కే డిస్టింక్షన్ ఇచ్చారు కదా, కాఫీ రుచి చూసేవాళ్ల కంటే మీ పరీక్షాధికారులే నయం.

ఆ 80 ఎక్కడ వస్తుందో, ఎక్కడ పోతుందో కొంచెం వివరంగా చెప్పాలి. కొమ్మకున్న కాయలన్నీ ఒకేసారి పండవు. ఎర్రగా పండినవి మాత్రమే కోసి, మళ్లీ పది పదిహేను రోజులకు అదే మొక్క దగ్గరికి రావాలి. కొమ్మంతా ఒక్క గుంజు గుంజితే కూలి కలిసొస్తుంది గానీ, పచ్చికాయ కలిసి కప్పులో వగరు దిగుతుంది. కోసిన పండును నీళ్లలో పోస్తే తాలు తేలుతుంది. మిగిలిన దాన్ని ఆ రోజే పల్పర్‌లో వేసి తొక్క తీయాలి. రాత్రంతా సంచిలో ఉంటే మగ్గి పులుపెక్కుతుంది. తర్వాత జిగురు పోయేలా కడగాలి, నేల తగలకుండా మంచెల మీద ఆరబెట్టాలి, గంటగంటకూ తిరగేయాలి, తేమ పదకొండు శాతం దరిదాపుల్లోకి రాగానే ఆపాలి. ఇలా పైపొర మిగిలిన గింజను పార్చ్‌మెంట్ అంటారు. ఆ పొర కూడా తీశాక సుమారు ఆరు కిలోల పండు నుంచి ఒక కిలో గింజ చేతికొస్తుంది.

ఇప్పుడు రెండెకరాల కొండవాలు, ఇంట్లో నలుగురు, కరెంటు ఉండీ లేని ఊరు, దగ్గర్లో ధారాళంగా నీళ్లు లేని చోటు ఊహించుకోండి. పల్పర్ కొనే స్తోమత లేదు. పైగా సంక్రాంతి ముందు చేతిలో రూపాయి ఉండదు. అందుకే ఏళ్ల తరబడి ఆ పండును వాకిట్లోనే ఎండబోసి, వారపు సంతకు తెచ్చి, అప్పటికే అప్పిచ్చిన షావుకారుకు అతను చెప్పిన ధరకు పోశారు. అదే పండు, అదే కొండ. నాణ్యత పోయింది రైతు చేతకానితనం వల్ల కాదు, పండు కోసిన రోజుకూ డబ్బు చేతికొచ్చే రోజుకూ మధ్య ఉన్న దూరం వల్ల. నాణ్యత గురించి రైతుకు పాఠం చెప్పడానికి వెళ్లే ప్రతి అధికారీ, ప్రతి స్టార్టప్ కుర్రాడూ ముందు డబ్బు ఎన్నాళ్లకు ఇస్తారో చెప్పి, తర్వాత నోరు విప్పాలని నా అభిప్రాయం.

అరకు కాఫీ చరిత్ర క్లుప్తంగా చెబుతాను. తూర్పు కనుమల్లో కాఫీ మొదట నాటింది 1898లో, తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో, ఒక ఆంగ్లేయ అధికారి. తర్వాత అటవీశాఖ తోటలు వచ్చాయి. గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, 1956లో ఏర్పడింది. 1970ల మధ్య నుంచి అది కాఫీని పోడు వ్యవసాయానికి మారుగా గిరిజనుల చేతికి తెచ్చింది. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే ఐటీడీఏ, ఆ పని పెంచింది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టుకే పాకే మిరియం తీగ. కాఫీ దెబ్బతిన్న ఏడు మిరియమే ఇల్లు గడుపుతుంది. బగత, కొండదొర, కోదు, పొర్జ, గదబ, వాల్మీకి, కోటియ కుటుంబాలు ఇవాళ ఈ తోటల యజమానులు. కూలీలు కాదు, యజమానులు.

ఈ యజమానులు అన్న మాట ఊరికే రాలేదు. కర్ణాటకలో కాఫీ అంటే మనకు ఎస్టేట్లు గుర్తొస్తాయి. అరకులో ప్రైవేటు ఎస్టేట్లు పుట్టలేదు, ఎందుకంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం అడ్డుకుంది. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద ‘సమత’ సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో వచ్చిన తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని తేల్చింది. కాఫీ రుచికి మట్టి, ఎత్తు, వాన అని కారణాలు చెబుతారు. ఆ మట్టి ఎవరి పేరు మీద ఉందన్నది కూడా కారణమే. ఏ కాఫీ ప్యాకెట్ మీదా ఈ సంగతి రాయరు.

అరకు పేరు ఎలా పైకొచ్చిందో చూద్దాం. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే నాంది ఫౌండేషన్ అక్కడి సన్నకారు గిరిజన రైతులను సహకార సంఘంగా కూర్చింది. పండు ఎర్రగా ఉంటేనే కొంటామంది, తొక్క తీయడం, ఆరబెట్టడం ఒక్కచోటికి తెచ్చింది, ఏ ఊరి సరుకు ఆ ఊరిదిగా విడిగా ఉంచి రుచి చూపించింది. 2017లో ‘అరకు’ పేరుతో ప్యారిస్‌లో దుకాణం తెరిచారు. 2018లో అక్కడే ప్రి ఎపిక్యూర్ పోటీలో బంగారు పతకం వచ్చింది. మరోపక్క జీసీసీ సొంతంగా కొని, సొంత ప్యాకెట్లలో అమ్ముతోంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, దక్కింది. 2024 జూన్ ‘మన్ కీ బాత్’లో ప్రధాని దీని గురించి చెబుతూ లక్షన్నర గిరిజన కుటుంబాలు ఈ కాఫీ మీద ఆధారపడ్డాయన్నారు. 2025లో పార్లమెంటు ఆవరణలోనూ స్టాల్ పెట్టారు. ఇదంతా సంతోషమే.

ఇప్పుడు వరంగల్‌కు వస్తాను. 2025లోనే మన చపాట మిర్చికి కూడా జీఐ వచ్చింది. లావుగా, టమాటాలా గుండ్రంగా, ఘాటు తక్కువగా, రంగు దండిగా ఉండే ఆ కాయ మీలో చాలామంది ఇళ్లల్లో పచ్చళ్లలో పడేదే. దాన్ని, అరకును పక్కపక్కన పెడితే ఒక తేడా కనిపిస్తుంది. అరకు జీఐకి దరఖాస్తు పెట్టింది బెంగళూరులోని కాఫీ బోర్డు. చపాటకు దరఖాస్తు పెట్టింది తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. వెనక ఉద్యాన విశ్వవిద్యాలయం, మల్యాల పరిశోధన స్థానం నిలబడ్డాయి. పేరు పత్రం ఇక్కడ రైతుల సొంత సంస్థ చేతిలో ఉంది. నా దృష్టిలో ఇది ప్యారిస్ పతకం కంటే పెద్ద విషయం.

పేరు ఎవరిదన్న తగాదా ప్రపంచంలో కొత్తది కాదు. ఇథియోపియా ప్రభుత్వం 2005లో సిదామో, హరార్, యిర్గచెఫె పేర్లను అమెరికాలో ట్రేడ్‌మార్కులుగా నమోదు చేయించుకోబోతే స్టార్‌బక్స్‌తో పేచీ వచ్చింది, 2007లో గానీ ఒప్పందం కుదరలేదు. కాఫీ పుట్టిన దేశమే తన ఊళ్ల పేర్ల కోసం పోరాడాల్సి వచ్చింది.

కానీ పత్రం చేతిలో ఉంటే ధర చేతికొచ్చినట్టు కాదు. మన మిర్చి అమ్ముడయ్యే ఎనుమాముల మార్కెట్ మీకు తెలుసు. పొద్దున్నే జెండా పాట పాడతారు. మేలైన సరుకుకు పలికిన ఆ ధరే మర్నాడు పేపర్లో వస్తుంది. తేజ ఇంత, వండర్ హాట్ ఇంత, చపాట ఇంత అని. పాట అయ్యాక మిగిలిన వేల బస్తాల దగ్గరికి ఖరీదుదారు వచ్చి తేమ ఉంది, తాలు ఉంది, రంగు తగ్గింది అంటూ కోత మొదలుపెడతాడు. ఆ మాటల్లో కొన్ని నిజాలే, కొన్ని కావు. ఏవి నిజమో తేల్చే యంత్రం గానీ, నోరున్న మనిషి గానీ రైతు పక్కన ఉండడు. ప్యారిస్ పతకం కూడా ఒక జెండా పాటే. పతకం వచ్చిన సంచి కాకుండా, ఆ కొండ మీద మిగిలిన సంచులు ఎంతకు పోయాయన్నదే నన్ను వేధించే ప్రశ్న.

చిన్న రైతుల నాణ్యత ఒంటరిగా నిలవదని 2025 ఆగస్టులో అరకు మళ్లీ చూపింది. కాఫీ కాయతొలుచు పురుగు మన దేశంలో 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర బయటపడింది. కర్ణాటక, కేరళ తోటలను అది వేధిస్తున్నా, ముప్ఫై అయిదేళ్ల పాటు అరకు దాకా రాలేదు. ఆ ఆగస్టులో వచ్చింది. నల్లని చిన్న పెంకుపురుగు, కాయ కొన దగ్గర తొలిచి లోపల గుడ్లు పెడుతుంది, ఇక మందు దానికి తగలదు. కాయలన్నీ వేళకు కోయాలి, నేల మీద రాలినవి కూడా ఒక్కటి వదలకుండా ఏరాలి. ఒకరు ఏరకపోతే పక్కవాడి తోట పోతుంది. సేంద్రియం అని పేరు తెచ్చుకున్న చోట విషం చల్లే దారి కూడా లేదు. ఇక్కడ కావలసింది ఊరంతా ఒకే వారంలో కదిలేలా చూసే మనిషి, వాళ్ల భాషలో, అంటే కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో, మాట్లాడగలిగిన మనిషి.

అలాంటి మనుషులు తక్కువ. మీలో వ్యవసాయం చదివినవాళ్లున్నారు, ఇంజనీర్లున్నారు, కామర్స్ వాళ్లున్నారు. ఊరి పేరు మీద సరుకు అమ్మాలంటే ఆ ఊళ్లోనే తేమ కొలవాలి, లాట్లు కలవకుండా విడిగా ఉంచాలి, రుచి చూసి మార్కులు వేయాలి, ఆ మార్కు రైతుకు చెప్పాలి. చివరిది దాదాపు ఎవరూ చేయరు. తన కాఫీకి 84 వచ్చిందో 76 వచ్చిందో తెలియని రైతు వచ్చే ఏడు ఏం మార్చుకుంటాడు? తన మిర్చిలో రంగు ఎంతుందో ల్యాబ్ కాగితం లేని తిమ్మంపేట రైతు ఖరీదుదారుతో ఏమని వాదిస్తాడు? ఈ పనులు పెద్ద జీతాలవి కావని నాకు తెలుసు. హైదరాబాద్ వద్దు, అమెరికా వద్దు అని చెప్పడానికీ రాలేదు, మీ ఇంటి అప్పులు మీకుంటాయి. ఎక్కడికెళ్లినా కాఫీనో మిర్చినో కొనే చోట, అమ్మే చోట, దాని లెక్కలు రాసే చోట మీలో కొందరు తప్పకుండా ఉంటారు. అప్పుడు ప్యాకెట్ మీద రైతు ఫొటో వేసి ఊరుకోకండి. ఆ ఊరికి ఎంత ఇచ్చారో, ఎన్ని రోజులకు ఇచ్చారో కూడా అచ్చు వేయించండి. ఫొటో చవక, ఆ రెండు అంకెలే ఖరీదు.

ఇంకొక్క మాట అడిగి ముగిస్తాను. జనవరి నుంచి ఎనుమాముల మిర్చితో ఎర్రబడుతుంది. మీలో ఈ ఊళ్లో పుట్టి పెరిగి కూడా ఆ మార్కెట్ లోపలికి అడుగు పెట్టనివాళ్లున్నారని అనుకుంటున్నాను. ఒక్క పొద్దున వెళ్లండి. జెండా పాట అయిపోగానే వచ్చేయకండి, సాయంత్రం ఆఖరి బస్తా కాంటా ఎక్కేదాకా ఉండండి. అది ఎంతకు పోయిందో రాసుకోండి.