లాఠీ దెబ్బను కొలిచేదెవరు?

(సంఘం కార్యకర్తల శిక్షణా తరగతుల్లో న్యాయ సహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నకిలీ విత్తనం వేసి పంట పోగొట్టుకున్న రైతు వినియోగదారుల కమిషన్‌కు పోతే మొదట ఎదురయ్యే ప్రశ్న ఏమిటో మీకందరికీ తెలుసు. "విత్తనం మంచిది కాదని ఎవరు చెప్పారు?" రైతు ఒక్కడే చెబితే చాలదు. వ్యవసాయాధికారి చేను చూసి రాయాలి, శాస్త్రవేత్త చెప్పాలి. కంపెనీ వకీలేమో వానలు పడలేదంటాడు, ఎరువు సరిగ్గా వేయలేదంటాడు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద ఆంధ్రప్రదేశ్ రైతులు నడిపిన కేసులో 2012లో సుప్రీంకోర్టు మనకు ఊరట ఇచ్చింది. కొన్న విత్తనమంతా చేలో చల్లుకునే రైతు, ల్యాబు పరీక్ష కోసం కొంత దాచిపెట్టుకుంటాడని అనుకోవడం సరికాదన్నది. చేను చూసిన అధికారుల నివేదికలను ఆధారంగా తీసుకున్నది.

అంటే నిపుణుడి సాక్ష్యం మనకు కొత్త కాదు. విత్తనం విషయంలో దాని విలువ మనం నేర్చుకున్నాం. లాఠీ విషయంలో ఇంకా నేర్చుకోలేదు. ఈ రోజు మేము చెప్పదలచింది దాని గురించే.

మా కమిటీ చూసిన ఒక కేసు చెబుతాం. ఊరు పేరు, మనుషుల పేర్లు వద్దు. మార్కెట్ యార్డు ముందు గిట్టుబాటు ధర కోసం ధర్నా. సాయంత్రం లాఠీచార్జి జరిగింది. అరవై ఏళ్ల రైతుకు నడినెత్తిన ఏడు కుట్లు పడ్డాయి. కేసు మాత్రం పోలీసుల విధులకు ఆటంకం కలిగించారని రైతుల మీదే పెట్టారు. ఆ కేసు నాలుగేళ్లు నడిచి కొట్టుడుపోయింది. కానీ ఆ పెద్దాయన పోలీసుల మీద వేసిన ప్రైవేటు ఫిర్యాదు కూడా నిలవలేదు. పరిగెత్తుతూ కిందపడ్డాడు, తల రాయికి కొట్టుకున్నదన్నారు. వైద్యం చేసిన డాక్టరును అడిగితే "అలా కూడా జరగవచ్చు" అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు. గాయం ఎంత పొడుగు, ఎంత లోతు అన్నది డాక్టరు చెప్పగలడు. లాఠీని ఎక్కడ కొట్టాలని పోలీసులకు నేర్పుతారు, ఎక్కడ కొట్టవద్దంటారు, ఆ సాయంత్రం అసలు లాఠీ ఎత్తవలసిన అవసరం ఉన్నదా అన్నది చెప్పడం డాక్టరు పని కాదు. అది చెప్పగల మనిషి మా వైపు ఒక్కరూ లేరు. ఆ ప్రశ్న అడగాలని మాకూ అప్పుడు తోచలేదు.

ఆ పని చేసే మనిషినే పోలీసు పద్ధతులపై నిపుణ సాక్షి అంటారు. అమెరికాలో ఇది చాలాకాలంగా ఉన్న పని. మీలో చాలామంది జార్జ్ ఫ్లాయిడ్ పేరు విని ఉంటారు. 2020 మే 25న మినియాపొలిస్ నగరంలో ఒక పోలీసు ఆయన మెడ మీద మోకాలు పెట్టి 9 నిమిషాల 29 సెకన్లు అదిమిపెట్టాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. ఇక సాక్ష్యం దేనికి అనిపిస్తుంది కదా! కానీ 2021లో విచారణ జరిగినప్పుడు ప్రాసిక్యూషన్ వీడియో చూపించి ఊరుకోలేదు. లాస్ ఏంజిలస్ పోలీసు శాఖలో పనిచేస్తున్న ఒక సార్జెంటును, ఒకప్పుడు పోలీసుగా పనిచేసి తర్వాత న్యాయశాస్త్ర ఆచార్యుడైన మరొకరిని బోనెక్కించింది. ఆ నగర పోలీసు అధిపతే వచ్చి, ఇది మా శాఖ నియమాలకు విరుద్ధమని చెప్పారు. ఊపిరితిత్తుల వైద్యుడు ఊపిరి ఎలా ఆగిందో చెప్పాడు. పోలీసు నిపుణులు అంత బలం ఎందుకు అవసరం లేదో చెప్పారు. చేతులకు బేడీలున్నాయి, బోర్లా పడి ఉన్నాడు, కాసేపటికి కదలిక కూడా పోయింది. ఏ నిమిషం దగ్గర ప్రమాదం తీరిపోయింది, ఆ తర్వాత కూడా బలం ఎందుకు ఆగలేదు? వాళ్లు లెక్కకట్టి చూపించింది ఇదే.

ముద్దాయి కూడా తన నిపుణుణ్ణి తెచ్చుకున్నాడు. రిటైరైన పోలీసు అధికారి. అలా అదిమిపెట్టడం బలప్రయోగమే కాదని మొదట వాదించాడు. శాఖ రాసుకున్న నియమం, ఫొటో ముందుంచి క్రాస్ పరీక్ష చేస్తే, కావచ్చునని ఒప్పుకోవలసి వచ్చింది. 2021 ఏప్రిల్ 20న జ్యూరీ ఆ పోలీసును దోషిగా తేల్చింది.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. నిపుణుడు అన్నంత మాత్రాన దేవుడు కాడు. ఇరువైపులా నిపుణులు ఉంటారు. ఎవరి మాట నిలుస్తుందంటే, ఏ కొలమానంతో కొలిచారో విప్పి చూపగలిగినవారి మాట. మన సుప్రీంకోర్టు కూడా ఇదే అన్నది, అదీ ఒక పంట కేసులో. హిమాచల్ ప్రదేశ్‌లో ఆపిల్ తోటలకు మచ్చ తెగులు వచ్చినప్పుడు తోటలో ఉన్న దిగుబడి కంటే ఎక్కువ కాయలు చూపించారని రైతుల మీద మోసం కేసు పెట్టారు. దిగుబడి ఇంతే ఉంటుందని ఉద్యాన అధికారి అంచనా వేశారు. ఆ అంచనాను నమ్మదగిన నిపుణ సాక్ష్యంగా కోర్టు ఒప్పుకోలేదు. నిపుణుడు తన తీర్మానం ఒక్కటే చెబితే చాలదు, జడ్జి స్వయంగా సరిచూసుకోవడానికి వీలైన ఆధారాలు, పద్ధతి ముందుంచాలి అని 1999 తీర్పులో చెప్పింది. ఆనాడు రైతును కాపాడిన ఆ సూత్రమే లాఠీ కేసులో మన నిపుణుడికీ వర్తిస్తుంది.

మరి మన దగ్గర చట్టంలో దీనికి చోటుందా? ఉంది. పాత సాక్ష్య చట్టం 45వ సెక్షన్ విదేశీ చట్టం, శాస్త్రం, కళ, చేతిరాత, వేలిముద్రల గురించి నిపుణుల అభిప్రాయం తీసుకోవచ్చన్నది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్‌లో వీటికి తోడు "మరే ఇతర రంగమైనా" అనే అర్థం వచ్చే మాట చేర్చారు. కొత్త చట్టాల మీద మనకు అభ్యంతరాలు ఎన్నో ఉన్నాయి. కానీ ఈ మాట మనకు పనికొచ్చేది. పోలీసు పద్ధతులు ఒక రంగం కాదని ఇప్పుడు ఎవరూ తేలిగ్గా కొట్టిపారేయలేరు.

ఇక కొలమానం సంగతి. గుంపు మీద బలప్రయోగానికి మన దేశంలో రాసిపెట్టిన నియమాలున్నాయి. నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షన్ ప్రకారం ముందు చెదిరిపొమ్మని ఆజ్ఞ ఇవ్వాలి. ఆ ఆజ్ఞ ఇవ్వగలవాళ్లు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి, ఆయన లేకపోతే సబ్ ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని అధికారి. ఆజ్ఞ ఇచ్చినా పోకపోతేనే బలం. 1964లో రాష్ట్రాల పోలీసు ఐజీల సదస్సు ఆమోదించిన నమూనా నియమాలు ఇంకా వివరంగా ఉన్నాయి. వీలైనంత తక్కువ బలం వాడాలి. హెచ్చరిక ఇవ్వాలి. లాఠీ దెబ్బ మెత్తటి భాగాల మీద పడాలి, తలను, మెడ కింది కాలర్ ఎముకను వీలైనంతవరకు తప్పించాలి. కాల్పులు చివరి మార్గం. కాల్చవలసి వస్తే కిందికి గురిపెట్టాలి. జనం వెనుదిరిగే సూచన కనిపించగానే ఆపాలి. గాయపడ్డవారిని ఆసుపత్రికి చేర్చాలి. ఎన్ని తూటాలు వాడారో లెక్క రాయాలి.

ఇవి వాళ్ల నియమాలే, మనం రాసినవి కావు. మా కేసులో పెద్దాయనకు కుట్లు పడ్డది నడినెత్తిన. ఈ ఒక్క వాక్యాన్ని ఈ నియమం పక్కన పెట్టి బోనులో చెప్పగలిగిన మనిషి ఉంటే ఆ కేసు మరోలా నడిచేది.

కోర్టులు ఈ దారిలో ఆలోచించవని కాదు. 2007లో జమ్మూలో ఒక ప్రదర్శన మీద జరిగిన బలప్రయోగంపై 2016లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జనం రాళ్లు రువ్వారు కాబట్టి మొదట బలం వాడడాన్ని తప్పుపట్టలేదు. పరిస్థితి అదుపులోకి వచ్చాక కూడా కొట్టడం తప్పన్నది, నష్టపరిహారం ఇప్పించింది. ఇందులో మనకూ ఒక పాఠం ఉంది. మనవైపు రాయి పడితే దాన్ని దాచవద్దు. ఏ వీడియోలోనో అది బయటపడుతుంది, అప్పుడు మన సాక్షులందరి మాటా చెల్లకుండా పోతుంది. రాయి ఎప్పుడు పడింది, ఎప్పుడు ఆగింది, ఆ తర్వాత లాఠీ ఎంతసేపు ఆడింది అన్నది నిమిషాలతో సహా చెప్పడమే మన బలం.

కాల్పుల విచారణల్లో తేడా కూడా చూడండి. 2017 జూన్ 6న మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌లో ధర కోసం ఆందోళన చేస్తున్న రైతుల్లో ఐదుగురు తూటాలకు బలయ్యారు. దానిపై వేసిన జస్టిస్ జైన్ కమిషన్ బలగాలకు క్లీన్ చిట్ ఇచ్చిందని మరుసటి ఏడాది పత్రికల్లో చదివాం. 2018 మే 22న తమిళనాడు తూత్తుకుడిలో స్టెరిలైట్ కర్మాగారానికి వ్యతిరేకంగా కదిలిన జనంపై కాల్పుల్లో 13 మంది పోయారు. జస్టిస్ అరుణా జగదీశన్ కమిషన్ నివేదిక 2022లో అసెంబ్లీ ముందుకు వచ్చింది. పారిపోతున్నవారిని కాల్చారని అందులో తేల్చారు, 17 మంది పోలీసులపై చర్యకు సిఫారసు చేశారు. తూటా వెనకనుంచి దూరిందా, ముందునుంచా అన్నది శవపరీక్ష చెబుతుంది. ఆ ఒక్క సంగతి మీద ఆత్మరక్షణ వాదన నిలబడటమో కూలిపోవడమో జరుగుతుంది.

మనకు 2000 ఆగస్టు 28 బషీర్‌బాగ్ ఉంది, 2007 జూలై 28 ముదిగొండ ఉంది. కరెంటు చార్జీల మీద పోరులో ముగ్గురిని, భూమి కోసం పోరులో ఏడుగురిని పోగొట్టుకున్నాం. ప్రతి ఏడూ స్థూపాల దగ్గర దండలు వేస్తున్నాం, వేయాలి కూడా. అమరుల పేర్లు గుర్తున్నట్టే, ఆ రోజు ఎవరు ఆజ్ఞ ఇచ్చారు, ఎన్ని తూటాలు పేలాయన్న లెక్క కూడా మన దగ్గర ఉండాలి.

ఇప్పుడు పని సంగతి. నిపుణుడు ఎంత గొప్పవాడైనా అతనికి సరుకు ఇవ్వవలసింది మనమే. చేను చూడకుండా శాస్త్రవేత్త ఏమీ రాయలేడు.

ఒకటి, గాయపడ్డవారిని ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయి మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి. ఎవరు, దేనితో, ఎక్కడ కొట్టారో రాయించండి. "కిందపడ్డాడు" అని రాస్తే అక్కడే అభ్యంతరం చెప్పండి. పసుపు రాసి, కట్టు కట్టి ఇంటికి పంపితే సాక్ష్యం కూడా దానితోనే పోతుంది.

రెండు, గాయాలకు ఫొటోలు తీయండి. పక్కన స్కేలు పెట్టండి. మొదటి రోజు, మూడో రోజు, వారం తర్వాత. వాతల రంగు మారడం కూడా సాక్ష్యమే. రక్తం అంటిన చొక్కా ఉతకవద్దు, ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టండి.

మూడు, వీడియో తీసిన ఫోను ఎవరిదో రాసిపెట్టుకోండి. ముక్కలు కత్తిరించి, పాటలు తగిలించి పంచుకోవద్దు. ఫోనులో ఉన్న అసలు ఫైలు అలాగే ఉండాలి. సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం మనది, రెండో భాగం నిపుణుడిది.

నాలుగు, వారంలోపే రాతపూర్వకంగా అడగండి. కంట్రోల్ రూమ్ లాగ్, జనరల్ డైరీ, మందుగుండు రిజిస్టరు, ఆ రోజు బందోబస్తు ఉత్తర్వు భద్రపరచమని ఎస్పీకి, కలెక్టరుకు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. అరెస్టు చేసి స్టేషన్‌లో కొడితే అక్కడి సీసీ కెమెరా ఉంటుంది. ఆ రికార్డును 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాది దాటాక అడిగితే అది దొరక్కపోవచ్చు.

ఐదు, ప్రతి ధర్నాకు ఇద్దరిని నినాదాలకు కాకుండా చూడటానికి, రాయడానికి పెట్టండి. హెచ్చరిక వినబడిందా, ఏ భాషలో, ఎన్ని గంటలకు, చెదరడానికి ఎంత సమయం ఇచ్చారు, పోవడానికి దారి ఉన్నదా. చిన్న నోటుబుక్కు చాలు.

ఇన్ని చేసినా ఒక అడ్డంకి మిగిలే ఉంటుంది. 151వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేనిదే ఈ సందర్భంలో పోలీసులను ప్రాసిక్యూట్ చేయలేం. చేసింది నిజంగా గుంపును చెదరగొట్టే పనేనా, లేక కక్షా అన్న ప్రశ్న అక్కడే వస్తుంది. అక్కడ కూడా నిపుణుడి మాట అవసరమే.

మరి అలాంటి మనిషి దొరుకుతాడా? కష్టమే. శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక తోటివారికి వ్యతిరేకంగా బోనెక్కడానికి ఎంతమంది ముందుకొస్తారు? మేము అడిగిన ఒక విశ్రాంత అధికారి కాగితాలన్నీ చదివి, ఏ రిజిస్టరు అడగాలో, ఏ ప్రశ్న వేయాలో ఓపికగా చెప్పారు. కానీ కోర్టుకు మాత్రం రానన్నారు. ఆయన మీద మాకు కోపం లేదు. ఆయన చెప్పిన ప్రశ్నలతోనే మా వకీళ్లు రెండు కేసుల్లో క్రాస్ పరీక్ష చేశారు. అలాంటివాళ్లను, ఫోరెన్సిక్ అధ్యాపకులను, డాక్టర్లను జిల్లాకు ఇద్దరు ముగ్గురినైనా కలుపుకొని ఒక జాబితా తయారు చేయాలని మా కమిటీ ప్రతిపాదన. మనకు అనుకూలంగా చెప్పేవాళ్లే కావాలని అడగవద్దు. మన తప్పుంటే మన ముఖం మీదే చెప్పేవాళ్లు కావాలి. అలాంటివాళ్ల మాటే కోర్టులో నిలుస్తుంది.

ఆ పెద్దాయన ఈ మధ్య ఒక సమావేశానికి వచ్చారు. కుట్ల గుర్తు ఇంకా ఉంది. "నాకు పరిహారం వద్దయ్యా, నేను పడిపోలేదని ఒక కాగితం మీద రాయించండి" అన్నారు. ఆ కాగితం ఆయనకు మేము ఇప్పించలేకపోయాం. ఇక ముందు ఎవరికీ అలా జరగకూడదు. ఈ తరగతుల నుంచి ఊళ్లకు వెళ్లేటప్పుడు ప్రతి మండలం నుంచి ఇద్దరి పేర్లు, ఒక నోటుబుక్కు పని ఒప్పుకుని వెళ్లమని మా విజ్ఞప్తి.