బొడ్రాయి కథ ఎవరు చెప్పాలె?

(కందుకూరులో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల ముందట చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలకు ఏడు సముద్రాల అవతలి రాకుమారి కథ తెలుసు. మన ఊళ్ల నడిబొడ్డున బొడ్రాయి ఎందుకు పాతుతరో, దాని పండుగకు అత్తగారింటి నుంచి ఆడబిడ్డలంతా ఎందుకు వస్తరో తెల్వదు. తప్పు వాళ్లది కాదు. మనమే చెప్పుడు బంద్ జేసినం.

మాకు కథలు పుస్తకాల నుంచి రాలేదు. వాకిట్ల మంచం మీద అవ్వ చెప్తుంటే ‘ఊ’ కొట్టుకుంట నేర్చుకున్నం. ‘ఊ’ ఆగితే కథ ఆగేది. ఒగ్గు కథకులు డోళ్లు, తాళాలతోని మల్లన్న కథ, బీరప్ప కథ చెప్తుంటే తెల్లారేదాక కూసునేటోళ్లం. తెల్లారి డబ్బానే డోలు చేసుకొని మేమే కథ ఆడేటోళ్లం. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టుకుంట తిరిగితే ఆడపిల్లలకు పాట దానంతటదే వచ్చేది. అంటే కథల పిల్లలకు ఒక పని ఉండె. ఇయ్యాల ఫోను ముందట చూసుడు తప్ప వాళ్లకు పని లేదు.

సర్వాయి పాపన్న సంగతే చూడుండ్రి. 1708ల ఓరుగల్లును కొట్టిన గీత కార్మికుల బిడ్డ. దర్బారు చరిత్రకారుల రాతల్ల ఆయన దొంగ, జనం పాటల్ల వీరుడు. జె.ఎ. బాయిల్ ఆ పాటను 1874ల ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికల అచ్చు వేయించిండు. అప్పటిదాక దాన్ని కాపాడింది ఊరూరు తిరిగే గాయకుల గొంతులే. ఆ పాట లేకుంటే మనకు దొంగే మిగిలేటోడు.

2008ల శంషాబాద్‌ల విమానాశ్రయం వచ్చింది. ముచ్చెర్ల దిక్కు భూములు ఫార్మాసిటీకని తీసుకున్నరు. శ్రీశైలం రోడ్డు పొంటి చెల్కలు ప్లాట్లయినయి. గుంట భూమికి ధర కడ్తరు, గట్టు మీది పోచమ్మ కథకు ధర కట్టేటోడు లేడు. వేపచెట్టు పోతే దాని కింద కథ చెప్పే సందర్భం సుత పోతది.

2014ల తెలంగాణ వచ్చింది. బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. పాఠ్యపుస్తకాలల్ల మన పండుగలు, మన కవులు కనవడ్డరు. సంతోషం. కానీ పుస్తకం మేడారం సంగతి చెప్తది. కందుకూరు సంగతి కందుకూరోళ్లే చెప్పాలె.

అందుకే మేము అడిగేది మూడే. ఒకటి, ప్రతి బిడ్డ తన ఇంటి పెద్దమనిషి దగ్గర ఒక కథ విని, చెప్పినోళ్ల పేరుతోని బడి నోటుబుక్కుల రాయాలె. పంతుళ్లు అందుల యాసను దిద్దొద్దు. మేము బడిల ‘గిట్ల’ అంటే నవ్విండ్రు, ఆ సిగ్గు మా నోళ్లు మూయించింది. రెండు, నెలకొక శనివారం ఒగ్గు కళాకారులనో, చిందు కళాకారులనో బడికి పిలువాలె. ఉత్తగ కాదు, కూలి ఇచ్చి పిలువాలె. మూడు, బతుకుదెరువుకు మన దగ్గరికి వచ్చినోళ్ల పిల్లల కథలు సుత వినాలె. వాళ్లకూ ఒక ఊరున్నది.

ఈ రాత్రే ఒక కథ మొదలుపెట్టుండ్రి. బిడ్డ ‘ఊ’ అంటున్నంతసేపు ఆపొద్దు.