కోడూరి నల్లరాయి



విజయనగరము దాటి చీపురుపల్లికి రైలులో పోవువారికి గరివిడి యను స్టేషను తగులును. దాని చేరువనున్న కోడూరు చిన్న గ్రామమే యైనను, ఖనిజశాస్త్ర గ్రంథములలో దాని పేరు శాశ్వతముగా నిలిచినది. హిందూదేశమున మాంగనీసు త్రవ్వకము 1892 ప్రాంతమున ఆ సీమలోనే ఆరంభమైనది. నాడది విశాఖపట్టణము జిల్లాలోనిది. 1979లో క్రొత్తగా ఏర్పడిన విజయనగరము జిల్లాలో చేరినది.

మాంగనీసు ఖనిజము చూపునకు నల్లనిరాయి. చేతబట్టిన మసి యంటును, ఎత్తిన మిక్కిలి బరువు. ఇనుములో గంధకము నిలిచినచో, ఎఱ్ఱగా కాల్చి సాగగొట్టునపుడు అది పగులును. మాంగనీసు ఆ గంధకమును పట్టుకొని పెళుసుదనమును పోగొట్టును. టన్ను ఉక్కునకు కొద్ది కిలోలు చాలును, కూరలో ఉప్పువంటిది. 1882లో ఇంగ్లండున హాడ్‌ఫీల్డు అనునాతడు నూటికి 12 పాళ్లకు పైగా దీనిని కలిపి, కొట్టినకొలది గట్టిపడు ఉక్కును చేసెను. రైలుపట్టాలు ఒకదాని నొకటి దాటుచోట్ల ఆ ఉక్కునే వాడుదురు.

ఈ రాయి మన నేలలో ఎట్లు పుట్టినది? తూర్పుకనుమలలో పెక్కు కొండలు ఖొండలైటు అను శిలతో నేర్పడినవి. సింహాచలము కొండ ఆ జాతిదే. 1902లో వాకరు అను భూగర్భశాస్త్రవేత్త, కొండలలో వసించు ఖోండుల పేరే దానికి పెట్టెను. పూర్వము నీటి అడుగున పేరిన బురదయు ఇసుకయు భూమి లోతులకు దిగి, సుమారు 100 కోట్ల యేండ్ల క్రిందట వేడికిని ఒత్తిడికిని ఉడికి ఈ శిలగా మారినవి. అందు గార్నెట్టు అను ఎఱ్ఱని రవ్వలుండును. మన సముద్రతీరపు ఇసుకలో మెరయు కెంపురంగు రవ్వలు అవియే. కోడూరువద్ద ఆ గార్నెట్టులలో మాంగనీసు చేరియున్నది. ఫెర్మారు అను శాస్త్రవేత్త ఆ వింత శిలకు కోడూరైటు అని పేరిడెను. అది కరగిన రాతిద్రవము గడ్డకట్టినదని ఆయన తలచెను. తరువాతివారిలో పలువురు అదియు పూర్వపు బురదయే యనిరి. ఏదైనను, వాననీరు లక్షలాది యేండ్లు ఇంకగా ఆ శిల మురిగి, తక్కిన భాగము సుద్దవంటి మట్టియై, మాంగనీసు నల్లని గడ్డలుగా మిగిలినది. కావుననే ఆ ఖనిజము పలుగుపారలకు అందునంత పైననున్నది.

1892లో త్రవ్వినది 674 టన్నులు. 1900 నాటికి ఏటి త్రవ్వకము ఎనుబదివేల టన్నులు దాటెను. విజయనగరము మైనింగు కంపెనీ గర్భాము మొదలగు చోట్ల గోతులు త్రవ్వించెను. గర్భాము! ఊరి పేరు ఎవరు పెట్టిరో గాని, ఆ తల్లి కడుపు ఖాళీచేసినవారు ఆ మాటకు అర్థమెరుగరు. నాడు విశాఖలో రేవు లేదు. ఓడలు సముద్రములో దూరముగా నిలువగా, సరకు పడవలపై పోవుచుండెను. ఇంతలో మధ్యపరగణాలలో ఇంతకంటె మేలైన ఖనిజము దొరకగా, మన గనుల ప్రాభవము తగ్గెను. చిత్రమేమనగా, 1933లో తెరచిన విశాఖ రేవునకు ఆ మధ్యపరగణాల మాంగనీసే ముఖ్యమైన సరకాయెను. 1931లో పూర్తియైన రాయపూరు రైలుమార్గము దానిని తెచ్చెను.

మట్టినమ్మి కుండను కొనుక్కొన్నట్లు, రాతిని పంపి ఉక్కును తెప్పించుకొంటిమి. 1955లో స్థాపితమైన ఫెర్రో ఎల్లాయిస్ కార్పొరేషను గరివిడివద్ద కొలుములు పెట్టువరకు కథ యిదియే. విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971లోగాని శంకుస్థాపన కాలేదు.

ఇప్పుడు పెద్దలు వినవలసిన మాట. ఈ రాతిపొడి ఏండ్ల తరబడి పీల్చినవారికి నడక తడబడును, మాట మందగించును, ముఖము కదలిక కోల్పోవును. 1837లోనే గ్లాస్గోలో కూపరు అను వైద్యుడు ఈ రాతిని నూరు పనివారియందు దీనిని గుర్తించెను. ముసలితనమని త్రోసివేయక, గనిలో పనిచేసినవాడని వైద్యునకు చెప్పవలెను.

2015 నాటి చట్టసవరణ వలన గనుల జిల్లాలకు ఖనిజనిధి ఏర్పడినది. 2015 జనవరి 12కు పూర్వపు కౌలుదారులు రాయల్టీపై నూటికి 30 పాళ్లు, తరువాత వేలములో పొందినవారు 10 పాళ్లు అందు చెల్లింపవలెను. ఆ సొమ్ము గనుల వలన బాధపడిన గ్రామములది. తాగునీరు, వైద్యము దానిలో ముఖ్యమైన పద్దులు. గ్రామసభలో ఆ లెక్క అడిగి చదివించుకొనుడు.

తాగునీటిలో మాంగనీసు లీటరునకు 0.1 మిల్లిగ్రాము మించరాదని మన దేశపు ప్రమాణము. వేరు నీరు దొరకనిచో 0.3 వరకు ఒప్పుదురు. గనిగోతుల దాపున బావియున్నవారు కడవ లోపల చేయిపెట్టి చూడుడు. నల్లనిపొర తగిలినచో ఆ నీటిని పరీక్షకు పంపుడు.