కణవిభజన: నకలును, పంపకమును

నేను శాస్త్రజ్ఞుడను కాను. గ్రామమున లెక్కలు వ్రాయువాడను. మన గ్రంథాలయపు బీరువాలో భారతము వెదకుచుండగా జీవశాస్త్ర గ్రంథమొకటి చేతికి వచ్చినది. చదివి గ్రహించినంత విన్నవించెదను.

ప్రాణుల దేహము కణమయము. కణము విభజించుట రెండు విధములు. మొదటిది సమవిభజన. ఇది దస్తావేజునకు నకలు తీయుట వంటిది. వరి కణమున 24 క్రోమోసోములు గలవు. వేరు పెరుగునపుడు కణము ఒకమారు చీలి, 24 చొప్పున గల రెండు కణములగును. మూలమునకును నకలునకును భేదముండదు. శిశువు ఎదుగుటయు, గాయము మానుటయు దీనివలననే. ఇది అదుపు తప్పినచో క్యాన్సరు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధన నుండి వచ్చిన అమినోప్టెరిన్ అను మందు ఈ విభజనను అడ్డగించి, 1948లో రక్తక్యాన్సరు సోకిన కొందరు పిల్లలకు తాత్కాలికోపశమనము కలిగించెను.

రెండవది క్షయకరణ విభజన. ఇది వారసుల నడుమ పంపకము వంటిది. మన మెదకు పొలములలో, మంజీర నీటి క్రింద, వరి పొట్టకు వచ్చినపుడు లోపల జరుగునది ఇదియే. పుప్పొడికై ఒక కణము వరుసగా రెండుమారులు చీలి నాలుగగును. ఒక్కొక్కదానికి 12 క్రోమోసోములే. చీలుటకు ముందు జంట క్రోమోసోములు తునకలు మార్చుకొనును గనుక వాటాలు ఒక్కతీరున నుండవు. పుప్పొడి 12, అండము 12 కలసి మరల 24. సగము కాకున్నచో తరతరమునకు లెక్క రెట్టింపగును. భారతమున పంపకము కలహమునకు దారితీసెను. ఇచ్చట సృష్టికి దారితీయుచున్నది.

మనుష్యులకు 46, ఈ లెక్క 1956లో తేలినది. తల్లి వాటా 23, తండ్రి వాటా 23. తల్లియొద్ద ఎక్స్ అను క్రోమోసోములు రెండు. ఆమె పంచునది ఎక్స్ మాత్రమే. తండ్రియొద్ద ఎక్స్ ఒకటి, వై ఒకటి. సాధారణముగా అతని ఎక్స్ చేరిన ఆడుబిడ్డ, వై చేరిన మగబిడ్డ.

ఆడపిల్లలు పుట్టిరని కోడండ్రను నిందించు ఇండ్లను మనమెరుగుదుము. మా రెండవ కూతురు పుట్టిననాడు మా తల్లి నా భార్యను ఒక మాట అన్నది. నేను విని యూరకుంటిని. ఆ పద్దు ఆమె ఖాతాలోనిది కాదు, నాది. నేనును కోరి వ్రాసినది కాదు. ఈ మాట ఆమెతో ఇరువది యేండ్లు ఆలస్యముగా చెప్పితిని. మీరు నేడే యింటికి పోయి చెప్పుడు. సెలవు.