చెవిలో నలభై వేల పాటలు

ఈ పూట మన ధ్యానానికి ఆమోసు గ్రంథం ఆరవ అధ్యాయం, నాలుగు నుండి ఆరు వచనాలు తీసుకుందాం. బైబిలు దగ్గరున్నవారు తీసి పెట్టుకోండి. చదవడం రానివారు ఇంట్లో పిల్లలను పిలిచి చదివించుకోండి.

దేవరకొండ వైపు నుండి ఒక యౌవన సహోదరుడు ఉత్తరం రాశాడు. హైదరాబాదులో ఉద్యోగం. జీతంలో కొంత కూడబెట్టుకొని ఒక ఐపాడ్ క్లాసిక్, వాడినదే, కొనుక్కున్నాడట. అందులో కీర్తనలున్నాయి, సినిమా పాటలూ ఉన్నాయి, ఇంగ్లీషు పాటలూ ఉన్నాయి. వాళ్ళ నాన్నగారు సంఘ పెద్ద. అది చూసి, ఇది లోకసంబంధమైన వస్తువు, నా ఇంట్లో ఉండకూడదు అన్నారట. "అయ్యగారూ, పాటల పెట్టె ఉంచుకోవడం పాపమా?" అని ఈ తమ్ముడు అడుగుతున్నాడు. తండ్రీ కొడుకులు నెల రోజులుగా సరిగా మాట్లాడుకోవడం లేదని చివర్లో ఒక్క మాట రాశాడు. అసలు ప్రశ్న కంటే ఆ ఒక్క మాటే నన్ను ఎక్కువ పట్టుకుంది.

ఐపాడ్ అంటే తెలియని పెద్దవారి కోసం చెప్తాను. 2001 అక్టోబరులో అమెరికాలో ఆపిల్ కంపెనీ దీన్ని మొదట విడుదల చేసింది. చొక్కా జేబులో పట్టే ఆ పెట్టెలో వెయ్యి పాటలు పట్టేవి. 2009 నాటికి వచ్చిన క్లాసిక్‌లో 160 గిగాబైట్ల స్థలం, నలభై వేల పాటలు. 2014లో ఆ మోడల్ ఆపేశారు. 2022లో ఐపాడ్ అనే వస్తువునే పూర్తిగా నిలిపివేశారు. అయినా పాతవాటిని వెదికి కొనుక్కొని, బాగుచేయించుకొని వాడేవారు ఇప్పటికీ ఉన్నారు. మన ఊళ్ళలో ఈ కథ వేరేగా నడిచింది. చిన్న ఫోను, అందులో గోరంత మెమరీ కార్డు. మొబైల్ షాపుకు పోతే పది ఇరవై రూపాయలకు చిప్పు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవారు. 2017లో సరిగమ కంపెనీ కారవాన్ అని అయిదు వేల హిందీ పాటలతో, పాత రేడియో ఆకారంలో ఒక పెట్టె తెచ్చింది. వస్తువులు వేరు, సంగతి ఒకటే.

నలభై వేల పాటలంటే ఎంతో లెక్క వేద్దాం. పాటకు నాలుగు నిమిషాలనుకోండి. తిండీ నిద్రా మాని రాత్రింబగళ్ళు వింటే నూట పదకొండు రోజులు పడుతుంది. రోజుకు గంట చొప్పున వింటే ఏడేళ్ళు దాటుతుంది. ఆ ఏడేళ్ళలో మన చెవి ఇంకేమి వింటుందో అదే ఈ పూట సంగతి.

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నకు జవాబు. పాటల పెట్టె పాపం కాదు. వాద్యాలను సమకూర్చినవాడు దావీదు. సౌలు మనస్సు కలత చెందినప్పుడు దావీదు సితారా వాయిస్తే అతనికి నెమ్మది కలిగిందని మొదటి సమూయేలు పదహారవ అధ్యాయంలో ఉంది. అలసి ఇంటికి వచ్చి ఒక పాట వింటే ప్రాణం తేలికపడుతుంది, అది దేవుడిచ్చిన మేలే. నాన్నగారూ, మీరు కూడా వింటుంటే దయచేసి ఈ మాట ఆలోచించండి. 2011 జనాభా లెక్కల్లో పాత మహబూబ్‌నగర్ జిల్లాలో చదవగలిగినవారు నూటికి సుమారు యాభై అయిదుగురే. స్త్రీలలో సగం మందికి కూడా చదువు లేదు. ఈ సోదరీమణులకు మనం బంగారు అంచు బైబిలు బహుమతిగా ఇస్తాం, వారు దాన్ని గుడ్డలో చుట్టి దేవుని గదిలో పెట్టుకుంటారు. అదే వాక్యం చిప్పులో ఎక్కించి ఇస్తే పత్తి ఏరుతూ వింటారు. ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ అనే అమెరికా సంస్థ ప్రొక్లెయిమర్ అనే పెట్టె తయారుచేసింది. కరెంటు లేకపోయినా ఎండతో పనిచేస్తుంది, చేత్తో తిప్పినా పనిచేస్తుంది, గుంపంతా కూర్చొని కొత్త నిబంధన వినవచ్చు. వినుటవలన విశ్వాసం కలుగుతుందని పౌలు రోమీయులకు రాశాడు గదా. చదువుకున్నవారికి మాత్రమే కలుగుతుందని రాయలేదు.

అయితే ఇక ఆమోసు దగ్గరకు రండి. ఈయన యెరూషలేముకు దక్షిణాన తెకోవ అనే మెట్ట ప్రాంతం మనిషి. గొర్రెల కాపరి, మేడిచెట్లు చూసుకునేవాడు. మన అచ్చంపేట వైపు, మక్తల్ వైపు గొంగడి భుజాన వేసుకొని మందల వెంట తిరిగే మనిషిని తలచుకోండి, ఆమోసు మీ కళ్ళకు కడతాడు. అటువంటివాడు రెండవ యరొబాము కాలంలో, వ్యాపారం బాగా సాగుతున్న రోజుల్లో, సమరయ ధనవంతుల ఇళ్ళను చూశాడు. దంతపు మంచాల మీద పడుకొని, క్రొవ్విన దూడల మాంసం తింటూ, స్వరమండలం మీటుతూ, దావీదులాగా కొత్త వాద్యాలు కల్పించుకుంటున్నారు. ఆమోసు ఊరికే కల్పించి చెప్పలేదు. 1930లలో సమరయలో తవ్వకాలు జరిపినప్పుడు చెక్కడపు పనితో ఉన్న దంతపు ముక్కలు నిజంగానే దొరికాయి.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ప్రవక్త శిక్ష ప్రకటించింది దేనికి? మంచమూ మాంసమూ వాద్యమూ అన్నీ వరుసగా చెప్పుకుంటూ వచ్చి ఆరవ వచనం చివర అసలు నేరం బయటపెడతాడు. యోసేపుకు కలిగిన నాశనం వారికి పట్టలేదు. హెబ్రీ మూలంలో ఉన్న మాటలు ఇంకా పదునైనవి. యోసేపు "విరిగిపోవడం" చూసి వారు "జబ్బుపడలేదు" అని. ఇంట్లో ఒకరికి ఎముక విరిగితే మిగిలినవారికి అన్నం సయించదు. వీరికి సయించింది, పాట కూడా సయించింది.

దేశాన్ని యోసేపు అని పిలవడంలోనే ఒక పాత గాయం ఉంది. ఆదికాండము ముప్పై ఏడవ అధ్యాయంలో అన్నలు యోసేపును గుంటలో పడద్రోసి, భోజనానికి కూర్చున్నారు. ఆ అధ్యాయమంతా వెదకండి, గుంటలో నుండి ఆ పిల్లవాడు కేక వేసినట్టు ఒక్క మాట ఉండదు. కేక వేయలేదా? వేశాడు. సుమారు ఇరవై ఏళ్ళ తరువాత, నలభై రెండవ అధ్యాయంలో, ఐగుప్తులో చిక్కుకున్నప్పుడు అన్నలే ఒప్పుకుంటారు. తమ్ముడు బతిమాలుకున్నాడు, మనం వినలేదు అని. అంటే ఆ కేక మొదటినుండీ ఉంది. భోజనం దగ్గర కూర్చున్నవారి లెక్కలోకి రాలేదు, అంతే.

ఈ పాటల పెట్టెలో నలభై వేల పాటలు ఎలా పడుతున్నాయో తెలుసుకున్నప్పుడు నాకు ఈ అధ్యాయమే జ్ఞాపకం వచ్చింది. సీడీలో ఒక సెకను పాటకు 1411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. ఎంపీత్రీ పద్ధతిలో అదే పాట సెకనుకు 128 కిలోబిట్లకు దిగుతుంది, దాదాపు పదకొండో వంతు. మిగతాదంతా ఏమైంది? చాలా భాగం తీసి పారేస్తారు. పెద్ద చప్పుడు పక్కన చిన్న చప్పుడు ఉంటే మనిషి చెవి చిన్నదాన్ని పట్టుకోదు. డోలు మోగుతున్నప్పుడు పక్కన గాజుల చప్పుడు వినబడదు గదా. కనుక, ఎలాగూ వినరు, ఇది ఉండి లాభమేమిటి అని కంప్యూటరు ఆ చిన్నదాన్ని వదిలేస్తుంది. విన్నవారికి ఏదో పోయిందని తెలియనే తెలియదు.

జర్మనీలో ఈ పద్ధతి తయారుచేసినవారిలో ముఖ్యుడైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్‌కు దీన్ని పరీక్షించేటప్పుడు ఒక పాట చిక్కు తెచ్చిపెట్టింది. సుజాన్ వేగా అనే అమెరికా గాయని ఏ వాద్యమూ లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’. వాద్యఘోష ఉన్న పాటల్లో తప్పులు దాగిపోయేవి. ఒంటరి ఆడగొంతులో దాగే చోటు లేదు, తీసేసినది తెలిసిపోయింది. ఆ గొంతు సరిగా వినిపించేవరకు దాన్నే మళ్ళీ మళ్ళీ పెట్టుకొని పద్ధతిని సరిచేసుకున్నారు. మన నాట్ల దగ్గర, తిరగలి దగ్గర, డోలకు లేదు తాళం లేదు అనకుండా ఒంటరిగా కీర్తన ఎత్తుకునే ముసలమ్మలు లేరా? పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) రాసిన కీర్తనలను ఒక్క అక్షరం రాకుండానే చరణం చరణం తప్పకుండా పాడేవారు వారు. వారి దగ్గర పెట్టె లేదు, వారే పెట్టె.

యంత్రానికి కనికరం లేదు గనుక తీసివేయడం దాని పని. మనం మనుషులం. మన చెవిలో పెద్ద చప్పుడు పక్కన దాగిపోతున్న యోసేపు కేక ఏది?

పాలమూరు నుండి వలస వెళ్ళినవారిది ఒకటి. నారాయణపేట, కోస్గి, మద్దూరు ప్రాంతాల నుండి మేస్త్రీ వెంట ముంబయికి, పూణెకు వెళ్ళిన కుటుంబాలు ఎన్ని! ముసలివారిని, బడికి పోయే పిల్లలను ఇంట్లో వదిలి పోతారు. ఆదివారం ఆరాధనలో పాట పాడేటప్పుడు చాప మీద వారి చోటు ఖాళీగా ఉంటుంది. మనం స్పీకరు శబ్దం పెంచుతాం, ఖాళీ కనబడదు.

నల్లగొండది ఇంకొకటి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి వంగిపోయిన మనుషులను మీరు చూసే ఉంటారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నాగపూరులోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నంతో ఆ నీటిని శుభ్రం చేసే విధానం కనిపెట్టి దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు పెట్టింది. మన జిల్లా పేరు ప్రపంచ పుస్తకాలకు ఎక్కిన దారి అది! మిషన్ భగీరథ వచ్చి కృష్ణా నీరు ఇళ్ళకు చేరింది, దేవునికి స్తోత్రం. కాని వంగిన ఎముక మళ్ళీ నిటారు కాదు. ఆమోసు "విరిగిపోవడం" అన్న మాట ఆ గ్రామాలలో చదివితే ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు. ఆ మనిషి గోడకు ఆనుకొని, నాతో కొంచెంసేపు కూర్చోండి అని మాత్రమే అడుగుతాడు. చాలా చిన్న గొంతుతో అడుగుతాడు.

మధ్యలో రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. క్రైస్తవ గాయకులు అప్పు చేసి పాటలు రికార్డు చేస్తారు, మనం చిప్పులో ఊరికే ఎక్కించుకొని పదిమందికి పంచుతాం. దేవుని పాటే గదా అంటాం. దొంగిలకూడదన్న ఆజ్ఞలో దేవుని పాటలకు మినహాయింపు లేదు. కొనగలిగినవారు కొనండి. ఇంకొకటి, ఇయర్‌ఫోన్ల శబ్దం. పన్నెండు నుండి ముప్పై అయిదేళ్ళ వయసువారిలో వంద కోట్లకు పైగా పెద్ద శబ్దం వల్ల వినికిడి కోల్పోయే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో హెచ్చరించింది. చెవి లోపల చచ్చిన కణాలు తిరిగి మొలవవు. శబ్దం సగానికి పెట్టుకోండి, మధ్యమధ్య తీసివేయండి.

ఇప్పుడు తమ్ముడూ, నీ ఇంటి సంగతికి వస్తాను. పెట్టె అమ్మేయమని నేను చెప్పను. సెలవుకు ఊరికి వెళ్ళినప్పుడు బస్సు దిగి ఇంటి గడప తొక్కకముందే ఇయర్‌ఫోన్లు తీసి సంచిలో పెట్టుకో. నెల రోజులుగా మాట్లాడని తండ్రి ఉన్నాడు. ఆయన కోపంగా చెప్పిన మాట కింద ఇంకొక మాట ఉంది. కొడుకు ఇంటికి వస్తున్నాడు గాని నాకు దొరకడం లేదు అనే మాట. అది చిన్న చప్పుడు, పెద్ద చప్పుడు పక్కన దాగిపోయింది. నేను ఊహించి చెప్తున్నాను, తప్పయితే నువ్వే ఉత్తరం రాయి. కాని ముందు ఆయనను అడిగి చూడు.

తరువాత ఒక పని చెయ్యి. మీ నానమ్మ ఉంటే నానమ్మ, లేకపోతే సంఘంలో పెద్దమ్మ ఎవరైనా, వారి పక్కన కూర్చొని, ఫోనులో రికార్డు నొక్కి, వారికి వచ్చిన కీర్తనలన్నీ పాడించు. దగ్గు వచ్చినా, కోడి కూసినా, మరచిపోయి మళ్ళీ మొదలుపెట్టినా ఏదీ తీసివేయవద్దు. దాన్ని నీ నలభై వేలలో చేర్చు. దాన్నే ముంబయిలో ఉన్న మీ ఊరివారి ఫోన్లకు పంపించు. సాయంత్రం పని దిగి గుడిసె ముందు కూర్చున్నప్పుడు వారు అందరూ కలిసి వింటారు.

నాన్నగారూ, అబ్బాయి పెట్టె తెస్తే ఒక చిన్న స్పీకరు తగిలించి వాకిట్లో మంచం మీద పెట్టించండి. యోహాను సువార్త రోజుకు ఒక అధ్యాయం. ఇరవై ఒక్క రోజులు. చదువురాని పక్కింటి అక్కను కూడా పిలవండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, ఈ రాత్రి ముంబయి బస్సులో కూర్చున్నవారిని కాపాడుము. మర్రిగూడలో మంచం పట్టినవారి దగ్గరకు ఈ వారం మాలో ఒకరిని పంపుము. దేవరకొండలో ఆ తండ్రి నోటినీ ఆ కొడుకు చెవినీ తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

వచ్చే వారం ఇదే సమయానికి ఆమోసు ఏడవ అధ్యాయం.